ఓనర్ మంచివారే, మరి జీతం సంగతి?

ప్రశ్న: నమస్తే అండీ. రెడీమేడ్ బట్టలు కుట్టే చిన్న యూనిట్‌లో లైన్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మొదట్లో మెషిన్ మీద కుట్టేదాన్ని. ఓనర్‌గారే నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. చాలా మంచి మనిషి. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి బిల్లు ఆయనే కట్టారు, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. కానీ మూడేళ్లుగా మా యూనిట్‌లో ఎవరికీ జీతం పెరగలేదు. పీస్ రేటు (కుట్టిన ఒక్కో పీసుకి ఇచ్చే కూలి) కూడా అదే. ఆర్డర్లు మాత్రం బాగానే వస్తున్నాయి, కొత్త మెషిన్లు కూడా దిగాయి. ఇప్పుడు నలభై మందీ కలిసి అడుగుదామంటున్నారు, నన్ను ముందు నిలబడమంటున్నారు. ఈ సంగతి చెవిన పడి ఓనర్‌గారు నన్ను పిలిచి, "వాళ్లకి నువ్వే నచ్చజెప్పమ్మా, నీ జీతం సంగతి నేను విడిగా చూస్తాను" అన్నారు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. అడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినదాన్ని అవుతానా? గట్టిగా అడిగాక ఆయన యూనిట్ మూసేస్తే అందరి ఉసురూ నాకు తగులుతుందేమో అని ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఆ "విడిగా చూస్తాను" అన్న మాట సంగతి తేల్చుకుందాం. మీరు త్వరగా జవాబు చెప్పాల్సింది దానికే. ఒప్పుకోకండి.

మీ జీతం పెరగకూడదని నేననడం లేదు. లైన్ నడిపే మనిషిగా మీకు రావాల్సింది మీకు రావాలి. కానీ మిగతా ముప్పై తొమ్మిది మందినీ ఊరుకోబెట్టినందుకు వచ్చే డబ్బు మీ పనికి వచ్చే జీతం అవ్వదు. ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ల మధ్య అలాంటి సంగతి నాలుగు రోజులు కూడా దాగదు. తెలిసిన రోజున మీ మాటకి విలువ పోతుంది. మీ మాటకి లైన్‌లో విలువ లేనప్పుడు ఓనర్‌గారికి కూడా మీతో అవసరం ఉండదు. రెండు వైపులా చెడిపోయేది మీరే.

ఇక తిన్నింటి వాసాల మాట. మీ మనసుని కెలుకుతున్నది అదేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఆస్పత్రి బిల్లు కట్టడం నిజంగా పెద్ద మేలు. ఆ మేలు మరిచిపోమని నేను చెప్పను, మీరు మరిచిపోలేరు కూడా. ఆ రుణం మీకూ ఆయనకీ మధ్య ఉన్నది. ఆయన ఇంట్లో కష్టం వస్తే మీరు ముందుండి నిలబడండి, రుణం తీరుతుంది. చివరి మెషిన్ మీద బటన్‌హోల్ వేసే అమ్మాయికి ఆ బిల్లుతో ఏం సంబంధం? ఆమె పీస్ రేటు మూడేళ్లుగా కదలకుండా ఉంటే, మీ ఆపరేషన్ ఖర్చుని ఆమె జీతంలోంచి తీర్చినట్టే కదా. ఇలా ఆలోచించి చూడండి, మీ మీద మీకున్న అనుమానం చాలావరకు తగ్గుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. కష్టం వచ్చినప్పుడు ఓనర్ ఆదుకునే చోట జీతాలు తక్కువగా ఉండటం చాలా మామూలు. ఆ దయలో కపటం ఉందని నేను అనను. చాలామంది ఓనర్లు మనస్ఫూర్తిగానే చేస్తారు. అయితే జీతం సరిపోక అడ్వాన్స్ అడిగినప్పుడు ఆయన ఇస్తారు, మనం దండం పెట్టి తీసుకుంటాం. అదే డబ్బు జీతంగా వచ్చి ఉంటే అడగాల్సిన పనే ఉండేది కాదు. ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలన్నది ఆయన ఇష్టం మీద ఉన్నంతకాలం నలభై మందీ ఆయన మొహం చూసి బతకాలి. నిజానికి ఆయనకి కూడా అది పెద్ద భారమే.

1914 జనవరిలో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తన కార్ల ఫ్యాక్టరీలో రోజుకి 5 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. అప్పటిదాకా ఇస్తున్నదానికి అది దాదాపు రెట్టింపు, పైగా పనిగంటలు 9 నుంచి 8కి తగ్గాయి. ఊరికే ఇవ్వలేదు. అంతకు ముందు ఏడాది ఆ ఫ్యాక్టరీలో జనం ఎంతగా మానేసి వెళ్లిపోయారంటే, 14,000 మందితో పని నడపడానికి ఏడాదిలో 50,000 మందికి పైగా కొత్తవాళ్లని తీసుకోవాల్సి వచ్చింది. జీతం పెరగగానే మానేసేవాళ్లు తగ్గారు, ఉత్పత్తి నిలకడగా సాగింది. మంచి జీతం ఓనర్‌కి నష్టం కాదనడానికి ఈ కథ అందరూ చెబుతారు. దానికి రెండో సగం ఉంది, అది చాలామంది చెప్పరు. ఆ 5 డాలర్లు రావాలంటే కార్మికుడు ఇంట్లో ఎలా ఉంటున్నాడు, తాగుతున్నాడా, పొదుపు చేస్తున్నాడా అని చూడటానికి కంపెనీ మనుషులు ఇళ్లకి వచ్చేవాళ్లు. వాళ్లకి నచ్చకపోతే ఆ పెంచిన భాగం ఆగిపోయేది. యూనియన్‌ని మాత్రం ఫోర్డ్ 1941 దాకా ఒప్పుకోలేదు. డబ్బు చేతికొచ్చింది, దాని గురించి మాట్లాడే హక్కు రాలేదు. మీ యూనిట్‌లో ఇప్పుడు కావలసింది రెండోది. అది వస్తే మొదటిది ఏటా దానంతట అదే చర్చకు వస్తుంది, ఎవరి ఆపరేషన్ దాకానో ఆగక్కర్లేదు.

కలిసి ఎందుకు అడగాలి, మంచివారే కదా, ఒక్కొక్కరం వెళ్లి మెల్లగా చెప్పుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. 1776లోనే ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ దీనికి జవాబు రాసి పెట్టాడు. ఆయన వ్యాపార స్వేచ్ఛ కోరిన మనిషే, యూనియన్ నాయకుడేమీ కాదు. పనివాళ్లు లేకపోయినా యజమాని ఏడాదో రెండేళ్లో దాచుకున్నదాంతో గడిపేయగలడు, పనివాళ్లలో చాలామంది పని లేకుండా వారం కూడా గడపలేరు అన్నాడు. జీతాలు పెంచకూడదని యజమానులు ఎప్పుడూ లోపాయికారీగా ఒకమాట మీద ఉంటారని కూడా అన్నాడు. మీ ఓనర్‌గారికి మీలో ఒక్కరు మానేస్తే ఒక మెషిన్ రెండు రోజులు ఖాళీగా ఉంటుంది. ఆ ఒక్కరికి పోయేది మొత్తం జీతం. అలాంటప్పుడు ఒక్కరే వెళ్లి మాట్లాడితే ఎంత మర్యాదస్తులైనా అది సమానుల మధ్య మాట అవ్వదు. నలభై మంది కలిస్తే అవుతుంది. అందుకే 1948 నాటి మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనలో 23వ అధికరణలో న్యాయమైన వేతనం హక్కునీ, సంఘం పెట్టుకునే హక్కునీ పక్కపక్కనే రాశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948లో, 1949లో చేసిన 87, 98 నంబరు ఒప్పందాలు కూడా సంఘం పెట్టుకునే, కలిసి బేరమాడే హక్కు గురించే.

జీతం ఒక్కటే విషయం అయితే దీని గురించి నేను ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా అనే భవనం కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మీలాగే బట్టలు కుట్టేవాళ్లు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన ఉద్యోగులని రావద్దంది. కుట్టేవాళ్లని మాత్రం పనిలోకి రమ్మన్నారు, రాకపోతే జీతం పోతుందని బెదిరించారు. పగుళ్లు వాళ్లూ చూశారు, భయమూ వేసింది. "మేం లోపలికి రాము" అని అందరూ ఒక్కమాటగా చెప్పే ఏర్పాటు వాళ్లకి లేకపోయింది. కార్మికుల బలం అని పుస్తకాల్లో రాసేది చివరికి ఇదే: ఒద్దు అనగలగడం, అన్నాక కూడా ఉద్యోగం పోకుండా ఉండటం.

ఇప్పుడు మీ యూనిట్ లెక్కలోకి వద్దాం. న్యాయమైన జీతం ఎంత అని అడిగితే ఒక్క అంకె ఎవరూ చెప్పలేరు. కానీ మూడేళ్లు అలాగే ఉంచిన జీతం ఏమైందో మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగాయనుకోండి. మూడేళ్ల కిందట 100కి వచ్చిన సరుకు ఇప్పుడు 119 పెడితే గానీ రాదు. జీతం 100 దగ్గరే ఉంటే దాంతో వచ్చే సరుకు పాత లెక్కలో 84 వంతులే. అంటే మీ ఓనర్‌గారు జీతాలు పెంచకపోవడం వల్ల అవి అక్కడే ఆగిపోలేదు, ఏటా తగ్గాయి. ఎవరూ ఆర్డరు వేయకుండానే తగ్గాయి కాబట్టి ఆయనకీ తగ్గించినట్టు అనిపించి ఉండదు. మీ దగ్గర ధరలు ఎంత పెరిగాయో ప్రభుత్వం ఇచ్చే లెక్క తీసుకుని ఇదే గుణకారం చేసి ఆయన ముందు పెట్టండి. ఇది పెంపు అడగడం కూడా కాదు, పోయినదాన్ని తిరిగి ఇమ్మనడం. ఆర్డర్లు పెరిగాయి, కొత్త మెషిన్ల మీద పీసులు ఎక్కువ దిగుతున్నాయి, అందులో వాటా అనేది ఆ తర్వాత మాట.

పీస్ రేటు సంగతి దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అన్యాయం కంటికి కనపడకుండా జరిగేది అక్కడే. ఒక మామూలు రోజు తీసుకోండి. పొద్దున కటింగ్ టేబుల్ నుంచి కట్ పీసులు రావడం ఆలస్యమైంది. కాలర్ కుట్టేవాళ్ల దగ్గర పని లేదు, వాళ్ల దగ్గర లేకపోతే కాలర్ అతికేవాళ్ల దగ్గరా లేదు. పీసులు వచ్చేసరికి ఓవర్‌లాక్ మెషిన్ సూది విరిగింది, మెకానిక్ ఇంకో మెషిన్ విప్పుకుని కూర్చున్నాడు. తర్వాత కరెంటు. అలా రెండు గంటలు పోయాయి. నెల జీతం ఉన్న మీకు ఆ రెండు గంటల డబ్బు వస్తుంది. పీస్ రేటు వాళ్లకి సున్నా. సాయంత్రం చెకింగ్ నుంచి కట్ట వెనక్కి వస్తుంది: కుట్టు వంకర, విప్పి మళ్లీ కుట్టండి. తప్పు కుట్టిన చేతిదా, కటింగ్‌లోనే కొలత తేడా పడిందా అని చూసే తీరిక ఎవరికీ ఉండదు. మళ్లీ కుట్టినదానికి డబ్బు లేదు. కొత్త మోడల్ మొదలైన రోజున చేతికి అలవాటు పడే దాకా సగం పీసులే దిగుతాయి, రేటు మాత్రం అదే.

"వ్యాపారంలో రిస్క్ అంతా నాది, అందుకే లాభం నాది" అని ఓనర్లు అంటారు. అది సరైన మాటే, నేను ఒప్పుకుంటాను. అప్పు తెచ్చేది ఆయన, ఆర్డరు తెచ్చేది ఆయన, డబ్బు రాక ఆర్నెల్లు తిరిగేది ఆయన. దానికి ప్రతిఫలం ఉండాలి. అయితే పైన చెప్పిన ఆ రెండు గంటల నష్టాన్ని ఎవరు మోశారో చూడండి. కరెంటు పోవడం, కటింగ్ ఆలస్యం, మెకానిక్ చాలకపోవడం అన్నీ వ్యాపారం రిస్కులే. వాటిని కుట్టేవాళ్ల మీదకి నెట్టి లాభంలో మాత్రం వాళ్లకి చోటు లేదంటే, ఆ మాట నిలవదు. మీరు సూపర్‌వైజర్ కాబట్టి మీరొక్కరే చేయగల పని ఒకటుంది: ఒక నెలపాటు లైన్ ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది అని రోజూ నోట్ పుస్తకంలో రాయండి. పని ఆగినప్పుడు పీస్ రేటు వాళ్లకి గంటల లెక్కన కనీసం ఇంత అని అడగడానికి దానికంటే మంచి కాగితం ఉండదు. పైగా ఆ పుస్తకం చూస్తే ఓనర్‌గారికే తెలుస్తుంది తన డబ్బు ఎక్కడ కారిపోతోందో.

యూనిట్ మూసేస్తారన్న భయం గురించి. ఇది ఉత్త భయం అని కొట్టిపారేయను. చిన్న యూనిట్లకి రేటు చెప్పేది వాటి ఓనర్లు కాదు, పైనున్న కొనుగోలుదారులు. రేటు పెంచమంటే ఆర్డరు పక్క యూనిట్‌కి వెళ్తుందని ఆయన భయపడటం నిజమే అయి ఉండొచ్చు. 1909లో బ్రిటన్ పార్లమెంటులో విన్‌స్టన్ చర్చిల్ సరిగ్గా ఈ విషయమే మాట్లాడాడు: కనీస వేతనం లేని చోట మంచి యజమానిని చెడ్డవాడు, చెడ్డవాణ్ని అంతకంటే చెడ్డవాడు దెబ్బతీస్తారు అన్నాడు. ఆ ఏడాది వచ్చిన చట్టం నాలుగు వృత్తులకి కనీస వేతనం నిర్ణయించే బోర్డులు పెట్టింది, అందులో బట్టలు కుట్టడం ఒకటి. అంతకు ముందే 1896లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఇలాంటి బోర్డులు మొదలయ్యాయి, అక్కడా దర్జీపని ఉంది. మంచి ఓనర్‌ని కాపాడేది ఆయన మంచితనం కాదు, పక్క యూనిట్ వాడు కూడా తక్కువ ఇవ్వలేని పరిస్థితి. అందుకే మీరు మీ షెడ్డు దాకానే ఆగకుండా చుట్టుపక్కల యూనిట్ల వాళ్లతో, మీ వృత్తిలో ఉన్న యూనియన్‌తో మాట్లాడటం మీ ఓనర్‌గారికి కూడా మేలు. రానా ప్లాజా తర్వాత పెద్ద పెద్ద బ్రాండ్లు కార్మిక సంఘాలతో చట్టానికి కట్టుబడే భద్రతా ఒప్పందం మీద సంతకం చేశాయి. అంటే పైనున్న కొనుగోలుదారుని కూడా కాగితం మీదకి తీసుకురావడం సాధ్యమే.

జీతాలు పెరిగితే ఉద్యోగాలు పోతాయన్నది కూడా అన్నిసార్లూ నిజం అవ్వదు. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకి 4.25 నుంచి 5.05 డాలర్లకి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లని పోల్చి చూస్తే, పెంచిన చోట ఉద్యోగాలు తగ్గినట్టు కనపడలేదు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి, అయినా ఆ తరహా పరిశోధనకే 2021లో కార్డ్‌కి నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. ఎంత పెంచినా ఏమీ కాదని దీని అర్థం తీసుకోకండి. ఎంత పెంచితే తట్టుకుంటుందన్నది లెక్క చూసి తేల్చాల్సిన విషయం.

ఆ లెక్క చూపించమనే మీరు అడగాలి. "ఇవ్వలేను" అని ఓనర్‌గారు అంటే ఆ మాటని గౌరవించండి, వెంటనే "ఎందుకు ఇవ్వలేరో మాకూ చూపించండి సార్" అనండి. ఒక పీసుకి ఆయనకి ఎంత వస్తోంది, బట్టకి ఎంత, దారానికి ఎంత, అద్దె, కరెంటు, అప్పు వాయిదా, జీతాలు, మిగిలేది ఎంత. ఇది దాచాల్సినంత రహస్యం కాదు. జర్మనీలో పెద్ద కంపెనీల పర్యవేక్షక మండలిలోనే కార్మికుల ప్రతినిధులు కూర్చుంటారు, 1976 చట్టం ప్రకారం 2,000 మందికి పైగా పనిచేసే కంపెనీలో సగం కుర్చీలు వాళ్లవే. లెక్క చూశాక నిజంగానే మిగలడం లేదని తేలితే మీరే సర్దుకోవచ్చు. ఇప్పుడు కొంత, ఫలానా నెల నుంచి మిగతాది, ఆర్డరు రేటు పెరిగితే అందులో ఇంత అని తేదీ వేసి రాసుకోండి. లెక్క చూపించకుండా నమ్మమంటే మాత్రం నమ్మకండి, ఎంత మంచివారైనా సరే.

ఎలా అడగాలన్నది క్లుప్తంగా చెబుతాను. ఒంటరిగా ముందు నిలబడకండి. పీస్ రేటు వాళ్ల నుంచి ఒకరు, కటింగ్ నుంచి ఒకరు, ఫినిషింగ్ నుంచి ఒకరు కలిసి వెళ్లండి. అక్కడ వాళ్లు కూడా మాట్లాడాలి, అంతా మీ మీద వేసి వాళ్లు తల ఊపుతూ కూర్చోకూడదు. అడిగేది ఒక పేజీలో రాసి, అందరూ సంతకం పెట్టి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. సమ్మె మాట మొదటి రోజే ఎత్తకండి, ఎప్పటికీ ఎత్తబోమని కూడా మాటివ్వకండి. జవాబుకి ఒక తేదీ అడగండి. వెళ్లేముందు ఒక పని తప్పకుండా చేయండి: మీ దగ్గర అమల్లో ఉన్న కనీస వేతనం ఎంతో, సంఘం పెట్టుకున్నందుకు పనిలోంచి తీసేయకుండా చట్టం ఏం రక్షణ ఇస్తుందో కార్మిక శాఖలోనో యూనియన్‌లోనో కనుక్కోండి. ముఖ్యంగా మీ సంగతి. కొన్ని దేశాల్లో సూపర్‌వైజర్‌ని చట్టం యాజమాన్యం వైపు మనిషిగా చూస్తుంది, మిగతా కార్మికులకి ఉండే రక్షణ వాళ్లకి ఉండదు. మీ దగ్గర కూడా అంతే అయితే మీరు ముందు నిలబడటం మీకే కాదు, వాళ్లకీ మంచిది కాదు. అప్పుడు నాయకత్వం లైన్‌లో ఉన్నవాళ్లకి వదిలి, మీరు ఆ నోట్ పుస్తకం రాసి ఇవ్వండి, ఓనర్‌గారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. అది చిన్న సాయమేమీ కాదు.

ఈ జవాబు మీ ఓనర్‌గారికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. సార్, నలభై మందీ కలిసి మీ దగ్గరికి వస్తున్నారంటే వాళ్లు మిమ్మల్ని వదిలి వెళ్లాలనుకోవడం లేదు. వెళ్లాలనుకునేవాళ్లు అడగరు, ఒక రోజు రావడం మానేస్తారంతే. వాళ్లని కూర్చోబెట్టి వినండి. నచ్చజెప్పే పని ఈ అమ్మాయికి అప్పగించకండి, ఆమెని మీరే పైకి తెచ్చారు, మీరే ఇరకాటంలో పెట్టకండి.

రేపు ఆయన మళ్లీ పిలిచి మీ జీతం మాట ఎత్తితే, తల దించుకోకుండా, గొంతు పెంచకుండా ఇలా చెప్పండి: "సార్, మీరు చేసిన మేలు నేను మరిచిపోను. నా జీతం కూడా అందరితో పాటే మాట్లాడదాం. వాళ్లలో నలుగురు మిమ్మల్ని కలవాలనుకుంటున్నారు, ఈ వారంలో ఏ రోజు వీలవుతుంది?" తేదీ చెప్పేదాకా ఇంకేమీ మాట్లాడకండి.